సైకిల్ తొక్కితే తుంటి, నడుం నొప్పి తిరగబెడుతూనే ఉంది. మానేయాల్సిందేనా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. వయసు 42, గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు ఉద్యోగం, నాలుగేళ్లుగా రోడ్ బైక్ మీద వారానికి 150 నుంచి 200 కిలోమీటర్లు. యాభై కిలోమీటర్లు దాటేసరికి కుడి తుంటి ముందు భాగంలో నొక్కేసినట్టు ఉంటుంది, ఆ వెనకే నడుం కింద పట్టేస్తుంది. రెండు మూడు వారాలు ఆపితే పోతుంది. మళ్లీ మొదలుపెట్టిన నెలా రెండు నెలల్లో తిరిగొస్తుంది. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 (నడుం కింది వెన్నుపూసలు) దగ్గర డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య మెత్త కాస్త బయటికి ఉబ్బింది అని వచ్చింది, సైకిల్ మానేయమన్నారు. మానేయాలా, సీటు మార్చాలా, ఫిట్టింగ్ (ఒంటికి తగ్గట్టు సైకిల్ కొలతలు సరిచేయడం) చేయిస్తే పోతుందా అని అడిగారు. జనవరిలో 300 కిలోమీటర్ల బీఆర్ఎంకు, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు రైడ్‌కు పేరు కూడా ఇచ్చేశానన్నారు.

నేను ఫిజియోథెరపిస్టుని, చాలా ఏళ్లుగా సైకిల్ కూడా తొక్కుతున్నాను. గండిపేట, శంకర్‌పల్లి, అనంతగిరి వైపు ఆదివారం పొద్దున కనిపించే గుంపుల్లో ఎవరో ఒకరు సోమవారం నా దగ్గరికి వస్తుంటారు. మీరు చెప్పిన వరస, అంటే ముందు తుంటి, తర్వాత నడుం, ఆపితే తగ్గడం, మళ్లీ రావడం, నేను ఎక్కువగా చూసేది ఇదే.

మానేయక్కర్లేదు. కానీ నొప్పి తగ్గగానే పాత దూరాలకు వెళ్లిపోవడం మాత్రం మానేయాలి. విశ్రాంతి నొప్పిని చల్లారుస్తుంది, అంతే. ఆ మూడు వారాల్లో మీ తుంటికీ నడుముకీ కొత్తగా బలం ఏమీ రాలేదు, నిజానికి కాస్త తగ్గింది. సైకిల్ కొలతలు అవే, ఆఫీసు కుర్చీ అదే. మరి నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. నొప్పి ఉన్న రోజుల్లో అందరూ శ్రద్ధగా ఉంటారు: బామ్ రాస్తారు, కాపడం పెడతారు, యూట్యూబ్ చూసి స్ట్రెచింగ్ చేస్తారు. తగ్గిన మర్నాడే అన్నీ గోడకు కొడతారు. అసలు వైద్యం జరగాల్సింది మాత్రం ఆ నొప్పి లేని వారాల్లోనే.

సీటు మార్చాలా అన్న దానికి: బహుశా అక్కర్లేదు, దాని ఎత్తూ వాలూ చూసుకోవాలి. ఫిట్టింగ్‌కి: ఉపయోగమే, కానీ అదొక్కటే సరిపోదు. ఎమ్మారైకి: కంగారు పడకండి, కింద రాస్తాను.

తుంటి, నడుం రెండు నొప్పులు కావు

పెడల్ పైకి వచ్చినప్పుడు, గడియారంలో 12 దగ్గర ఉన్నప్పుడు అనుకోండి, మీ తొడ పొట్ట వైపు వస్తుంది. మీరు హ్యాండిల్ మీదికి ఎంత వంగితే ఆ మధ్య జాగా అంత తగ్గుతుంది. తుంటి జాయింట్ ఎంతవరకు మడుస్తుందో అంతవరకే మడుస్తుంది. అక్కడికీ పెడల్ ఇంకా పైకి రమ్మంటే శరీరం ఒక దొంగదారి వెతుక్కుంటుంది: కటి ఎముక వెనక్కి ఒరుగుతుంది, దాంతో నడుం కింది భాగం గుండ్రంగా వంగుతుంది. నిమిషానికి 80 చుట్ల చొప్పున తొక్కితే గంటకు ఒక్కో కాలికి 4800 సార్లు. మూడు గంటల రైడ్‌కి 14,400 సార్లు. మొదటి గంటలో వెన్ను కండరాలు సర్దుకుంటాయి. అలిసిపోయాక చేతులెత్తేస్తాయి. మీకు సరిగ్గా యాభై దాటాక మొదలవడానికి కారణం దాదాపు ఇదే.

ఇంకో లంకె కూడా ఉంది. తొడను పైకి లేపే సోయాస్ అనే కండరం నడుం వెన్నుపూసల దగ్గర పుట్టి, తుంటి ముందు నుంచి దిగి, తొడ ఎముక లోపలివైపు అతుక్కుంటుంది. రోజంతా కుర్చీలో మడిచి ఉంచి, సాయంత్రం మళ్లీ మడిచిన భంగిమలోనే పని చేయిస్తే, దానికి పూర్తిగా సాగే సమయం నిద్రలో తప్ప దొరకదు. అందుకే తుంటి దగ్గర మొదలైన ఇబ్బంది నడుం దగ్గర తేలడం వింతేం కాదు.

చాప మీద ఒక పరీక్ష చేసుకోండి. వెల్లకిలా పడుకుని ఎడమ మోకాలిని రెండు చేతులతో ఛాతీ వైపు లాక్కోండి, తిన్నగా, పక్కకు పోనీయకుండా. తర్వాత కుడి. కుడివైపు ముందే ఆగిపోయినా, గజ్జలో చురుక్కుమన్నా, లేక నడుం చాప మీంచి ముందే లేస్తున్నా, మీ సైకిల్ ఆ కాలిని దాని హద్దు దాటించి మడుస్తోందన్న మాట. కొందరికి మోకాలిని కాస్త బయటికి తిప్పి లాగితే ఆ చురుకు పోతుంది. ఇలాంటివాళ్లను వెనక నుంచి చూస్తే, పెడల్ పైకి వచ్చే ప్రతిసారీ కుడి మోకాలు బయటికి విసురుతూ తొక్కుతుంటారు. వాళ్లకు తెలియదు, వెనక వచ్చేవాళ్లకు తెలుస్తుంది. మీ గుంపులో ఎవరినైనా ఒక నిమిషం వీడియో తీయమనండి.

వేలు పెట్టి చూపించండి

నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లనీ మొదట అడిగేది ఇదే. "తుంటి" అనే మాటకు మన వాడుకలో పెద్ద పరిధి ఉంది: కొందరు గజ్జ చూపిస్తారు, కొందరు పక్క ఎముక, కొందరు పిర్ర. మూడింటి దారీ వేరు.

గజ్జలో, లోపల లోతుగా, కారు ఎక్కి దిగేటప్పుడూ గొంతుక్కూర్చున్నప్పుడూ కూడా వస్తుంటే అది తుంటి జాయింట్ వైపు చూపిస్తుంది. బంతి లాంటి తొడ ఎముక తల, అది కూర్చునే గిన్నె అంచు మడతలో ఒరుసుకోవడం ఇందులో మామూలుగా కనిపించేది. మీరు రాసింది ఇలాగే ఉంది.

పక్కన, ప్యాంటు జేబు కింద చేతికి తగిలే గట్టి ఎముక మీద నొప్పి ఉండి, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతుంటే అది పిర్ర కండరాల టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) సమస్య. నలభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువ చూస్తాను. వీళ్లు తెలియక చేసే పని ఏమిటంటే, కాలు అడ్డంగా లాగి స్ట్రెచ్ చేయడం, దానితో టెండన్ ఎముకకు ఇంకా నొక్కుకుంటుంది. స్ట్రెచింగ్ ఆపి, కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం మాని, పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని, బలం పెంచే వ్యాయామాలు చేస్తే బాగా తగ్గుతుంది. 2018లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశోధనలో ఇలా చేసినవాళ్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కంటే మెరుగ్గా కోలుకున్నారు.

పిర్ర మధ్యలో లేదా పిర్ర కింద అయితే చాలాసార్లు మూలం నడుంలోనే ఉంటుంది. అది మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి తిమ్మిరిగా దిగితే నరం నొక్కుకుంటోందని అనుమానించాలి, అప్పుడు డాక్టర్ చూడకుండా వ్యాయామాలు మొదలుపెట్టవద్దు.

అరుదైనది ఒకటి చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఎక్కువగా సైకిల్ తొక్కేవాళ్లకే వస్తుంది, చాలామంది డాక్టర్లకు వెంటనే తట్టదు. పూర్తి బలంతో ఎక్కేటప్పుడు మాత్రమే ఒక తొడ బరువెక్కి, బలం పోయి, ఆపిన కొద్ది నిమిషాల్లో మామూలైతే అది కండరం కాకపోవచ్చు, కాలికి వెళ్లే ఇలియాక్ ధమని గోడ మందమై ఇరుకు కావడం కావచ్చు. ఫ్రాన్స్ రైడర్ పోలిన్ ఫెరాన్-ప్రెవోకి 2019లో దీనికే ఆపరేషన్ అయింది. ఆమె 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైక్ స్వర్ణం, 2025లో మహిళల టూర్ ద ఫ్రాన్స్ గెలిచింది. మీ లక్షణాలు ఇలా లేవు.

ఎమ్మారై కాగితం గురించి

నలభై దాటినవాళ్ల ఎమ్మారైలో బల్జ్ లేకపోతేనే నేను రెండోసారి చూస్తాను. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో నడుం నొప్పి *లేని* మూడు వేల పైచిలుకు మంది స్కాన్లు చూశారు. నలభై ఏళ్లవాళ్లలో సగం మందికి డిస్క్ బల్జ్ ఉంది, ఇరవై ఏళ్లవాళ్లలోనే దాదాపు మూడో వంతుకు ఉంది. కాబట్టి ఆ మాట ఒక్కటే చూసి సైకిల్ అమ్మేయకండి. మీ లక్షణాలతో, పరీక్షతో కలిపి చూసినప్పుడే స్కాన్‌కి అర్థం. అలాగని మానేయమన్న డాక్టర్‌ని తప్పుపట్టను. పది నిమిషాల ఓపీలో "ముందు ఆపండి" అనడం జాగ్రత్త మాటే. అది ఎప్పటివరకు, తర్వాత ఏం చేయాలి అన్నది ఎవరూ చెప్పకపోవడమే ఇబ్బంది.

మీ నొప్పి గజ్జలో కూడా ఉంది కాబట్టి నేను అడిగేది వేరే. నడుంకి ఎమ్మారై తీశారు, తుంటికి ఎక్స్-రే తీశారా? కోవిడ్ సమయంలో గానీ, ఆస్తమాకో చర్మానికో గానీ స్టెరాయిడ్లు ఎక్కువ రోజులు వాడారా? మద్యం అలవాటు గట్టిగా ఉందా? స్టెరాయిడ్లు, మద్యం, ఈ రెండింటిలో ఏదైనా అవును అయితే తుంటి ఎమ్మారై కూడా చేయించండి. ఏవీఎన్ అంటారు, రక్తం అందక తొడ ఎముక తల లోపల చచ్చుబడటం. మొదట్లో ఎక్స్-రేలో కనిపించకపోవచ్చు. కోవిడ్ తర్వాత ఇలాంటి కుర్రవాళ్లను చూశాను, నడుం నొప్పి అనుకుని నెలల తరబడి నడుంకే చికిత్స చేయించుకుంటూ వచ్చారు.

సైకిల్ తొక్కగలుగుతున్నాను కదా, తుంటి బాగానే ఉన్నట్టే అనుకోవడం కూడా పొరపాటు. పరుగుతో పోలిస్తే సైకిల్ మీద జాయింట్‌కి పడే బరువు చాలా తక్కువ, అందుకే పాడైన తుంటితో కూడా తొక్కేయొచ్చు. అమెరికా రైడర్ ఫ్లాయిడ్ లాండిస్‌కి 2003లో పడి తొడ ఎముక మెడ విరిగి, తర్వాత ఇదే ఏవీఎన్ వచ్చింది. ఆ తుంటితోనే 2006 టూర్ ద ఫ్రాన్స్‌లో మొదటి స్థానంలో వచ్చాడు (డోపింగ్‌లో దొరికి టైటిల్ పోగొట్టుకున్నాడు, అది వేరే కథ). అదే ఏడాది తుంటి మార్పిడి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది.

ఇవి ఉంటే ఈ సమాధానం ఇక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్లండి: మూత్రం, విరేచనం మీద పట్టు తప్పడం, కూర్చునే చోట చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం. వీటికి ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే కూడా ఆలస్యం చేయకూడదు, మన దగ్గర వెన్నెముక టీబీని ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి. పడిన తర్వాత కాలు మోపలేకపోతే ఎక్స్-రే తప్పనిసరి. ఇక పొద్దున లేవగానే అరగంటకు పైగా నడుం బిగుసుకుని ఉండి, తిరిగితే తగ్గి, కూర్చుంటే పెరుగుతుంటే, ముఖ్యంగా నలభై లోపే మొదలైతే, రుమటాలజిస్టును కలవండి.

సైకిల్ మీద ఏం మార్చాలి

అన్నీ ఒకేసారి మార్చొద్దు. మార్చే ముందు సీట్ పోస్ట్ మీద ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి పాత గుర్తు పెట్టుకోండి. ఒకటి మార్చి, రెండు మూడు రైడ్‌లు చూసి, తర్వాతే ఇంకోటి.

సీటు ఎత్తు ముందు. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, ఒక అట్టపుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి, సీటు ఒత్తుకున్నంత గట్టిగా నొక్కిపెట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు వరకు కొలవండి. దాన్ని 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లు వస్తే 70.6. క్రాంక్ (పెడల్ బిగించిన కడ్డీ) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు, సీటు ట్యూబ్ వెంబడి ఆ దూరం ఉండాలి. అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన లెక్క ఇది, మొదలుపెట్టడానికి పనికొస్తుంది, వేదవాక్కు కాదు. తర్వాత పెడల్ పూర్తిగా కింద ఉన్నప్పుడు పక్క నుంచి ఫొటో తీయించండి. పూర్తిగా చాచిన కాలుతో పోలిస్తే మోకాలి మడత 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే సరే. సీటు మరీ ఎత్తయితే పిర్రలు కుడీఎడమా ఊగుతాయి, నడుం పక్కలు పట్టేస్తాయి. మరీ కిందికి ఉంటే మోకాలు పైకి వచ్చినప్పుడు తుంటి ఎక్కువ మడుస్తుంది, గజ్జ నొక్కుకుంటుంది, మోకాలి ముందు కూడా నొప్పి రావచ్చు. మార్పు ఒకసారికి 3 నుంచి 5 మిల్లీమీటర్లు మించొద్దు.

సీటు వాలు. మట్టానికి పెట్టి, అక్కడి నుంచి ముక్కు రెండు మూడు డిగ్రీలు కిందికి దించి చూడండి. కటి ఎముక ముందుకు తిరగడానికి వీలవుతుంది, నడుం గుండ్రం కావడం తగ్గుతుంది. ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్‌ని ఒక చెక్క స్కేలు మీద పెట్టి కొలవొచ్చు. ముందుకు జారిపోయి చేతుల మీద బరువు పడుతుంటే ఎక్కువ దించినట్టే.

హ్యాండిల్. మన దగ్గర ఒక జబ్బు ఉంది: స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టుకునే ముక్క) కింద ఎత్తు కోసం ఉండే స్పేసర్లన్నీ, అంటే రింగులన్నీ, తీసేసి హ్యాండిల్‌ను కిందికి దింపితే ప్రొఫెషనల్‌లా కనిపిస్తుందని. టూర్‌లో తొక్కేవాడు ఆఫీసులో కూర్చోడు. స్పేసర్లు తిరిగి స్టెమ్ కిందికి మార్చండి, చాలకపోతే స్టెమ్ 10 మిల్లీమీటర్లు పొట్టిది వేయించండి. పది నిమిషాల పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ ఒక్కదానితోనే నడుం సగం తేలికపడ్డవాళ్లు ఉన్నారు. స్పేసర్లు కదిపాక పైబోల్టు, స్టెమ్ బోల్టులు బిగించే వరస తెలియకపోతే షాపులోనే చేయించండి, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగ్) వదులైతే ప్రమాదం.

ఇక క్రాంక్ పొడవు, మీ విషయంలో నేను ఎక్కువ అనుమానించేది దీన్నే. పెడల్ ఊడదీయక్కర్లేదు, క్రాంక్ చివర లోపలివైపు చిన్న అక్షరాల్లో 170 అనో 172.5 అనో ఉంటుంది, మట్టి తుడిచి టార్చి కొట్టి చూడండి. మన ఎత్తులకు, అంటే ఐదున్నర అడుగుల అటూ ఇటూ, 172.5 చాలాసార్లు ఎక్కువే. 165కి మారితే పెడల్ పైన 7.5 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తుకు వస్తుంది. పైగా కింద కాలు అందడానికి సీటును ఆ 7.5 పెంచుతాం. అంటే తుంటి దగ్గర మొత్తం 15 మిల్లీమీటర్ల జాగా దొరుకుతుంది. గజ్జలో నొక్కుకునేవాళ్లకు ఇది చాలా పెద్ద తేడా. పొట్టి క్రాంక్‌తో బలం పోతుందన్న భయం వద్దు, స్లొవేనియా రైడర్ పొగాచర్ 2024లో 165తోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. షిమానో 105 అనే విడిభాగాల శ్రేణిలో 165 దొరుకుతుంది. ఖర్చు ఉంది కాబట్టి ముందు సీటు, హ్యాండిల్ సరిచేసి నెల చూసి, కుడి గజ్జ ఇంకా నొక్కుకుంటుంటేనే ఇది మార్చండి.

చిన్నవి కొన్ని. ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేరులో పళ్లు బిగబట్టి తొక్కడం నడుంకి పడదు. వెనక 11-32 లేదా 11-34 పళ్ల క్యాసెట్ (గేరు చక్రాల సెట్) వేయించుకుని అనంతగిరి ఎక్కండి, ఎవరూ ఏమీ అనుకోరు. టైరు వెడల్పు 25 మిల్లీమీటర్ల నుంచి 28కో, ఫ్రేమ్‌లో పడితే 32కో మార్చి గాలి తగ్గించండి, 110 పీఎస్ఐ కొట్టుకుని మన స్పీడ్ బ్రేకర్ల మీద పోతే ప్రతి దెబ్బా నడుంకే. ల్యాప్‌టాప్ బ్యాగు వీపున వేసుకుని ఆఫీసుకు తొక్కుతుంటే క్యారియర్ మీదికి మార్చండి. ఒక కాలు అర సెంటీమీటరు పొట్టి అని ఎవరైనా చెబితే వెంటనే క్లీట్ (బూటును పెడల్‌కు బిగించే ముక్క) కింద ముక్కలు పెట్టించుకోవద్దు, అంత తేడా చాలామందికి ఉంటుంది, ఏ బాధా ఉండదు.

శరీరానికి ఏం చేయాలి

ఇక్కడే అందరూ నీరసపడిపోతారు. సైకిల్ మీద వేలకు వేలు పెడతారు, చాప మీద ఇరవై నిమిషాలు పెట్టరు.

వారానికి మూడు రోజులు, రోజుకి పాతిక నిమిషాలు, కనీసం 12 వారాలు. నేను మామూలుగా ఇచ్చేవి: వెల్లకిలా పడుకుని పిర్రలు పైకెత్తే బ్రిడ్జ్, రెండు కాళ్లతో కుదిరాక ఒంటికాలితో. మోచేతి మీద పక్కకు ఆని చేసే సైడ్ ప్లాంక్. అరచేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి ఎదురెదురు చెయ్యీ కాలూ చాచే బర్డ్ డాగ్. మెట్టు ఎక్కి దిగడం, కుడి కాలితో ఎక్కినప్పుడు మోకాలు లోపలికి పడకుండా. నిలబడి, పాదానికి రబ్బర్ బ్యాండ్ వేసి మోకాలిని నడుం ఎత్తుకు లేపడం, అక్కడ ఐదు లెక్కపెట్టడం, గజ్జలో చురుక్కుమంటే ఎత్తు తగ్గించండి.

అన్నింటికంటే విలువైనది డెడ్‌లిఫ్ట్. పేరు విని భయపడొద్దు. ఇంట్లో పది కేజీల బియ్యం సంచి చాలు మొదట్లో. వీపు తిన్నగా ఉంచి, నడుం దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగి, పిర్రలు వెనక్కి తోసి, సంచి ఎత్తి నిలబడటం. గోడకు అడుగు దూరంలో వెనక్కి తిరిగి నిలబడి, పిర్రలు గోడకు తగిలేలా వంగడం ముందు నేర్చుకోండి. ఈ వంగడమే సైకిల్ మీద కూడా కావాలి, హ్యాండిల్ అందుకోవడానికి నడుం గుండ్రం చేయకుండా తుంటిలో వంగడం. ఇది ఒంటబట్టినవాళ్లు సీటు మీద కూర్చునే తీరే మారిపోతుంది. బరువు నెమ్మదిగా పెంచి 25 కేజీల బస్తా ఎనిమిది సార్లు హాయిగా ఎత్తగలిగితే వంద కిలోమీటర్లకు మీ నడుం చాలావరకు సిద్ధం. సైకిల్ మాత్రమే తొక్కేవాళ్ల ఎముకలకు బరువు తగలదు కాబట్టి ఎముకల సాంద్రత తగ్గే ముప్పు కూడా ఉంది, బరువులెత్తడం దానికీ మంచిదే.

స్ట్రెచింగ్ చేయొద్దని అనను, చేస్తే హాయిగా ఉంటుంది. కానీ గజ్జలో చురుక్కుమనేవాళ్లు మోకాలిని ఛాతీకి బలవంతంగా లాగే స్ట్రెచ్‌లు మానాలి. పైన చెప్పిన చాప పరీక్షను రోజూ చేసి చూసుకోవడం కూడా అదే తప్పు.

ఆఫీసులో నలభై నిమిషాలకోసారి లేచి నీళ్లు తాగి రండి. ఖరీదైన కుర్చీ కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

మళ్లీ తొక్కడం ఎలా

నొప్పి యాభై దగ్గర మొదలవుతోంది కాబట్టి పాతికతో మొదలుపెట్టండి, వారానికి మూడు సార్లు, చదును రోడ్డు మీద. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఓఆర్ఆర్ పక్కన 2023లో తెరిచిన సోలార్ పైకప్పు ట్రాక్ దీనికి బాగుంటుంది: 23 కిలోమీటర్లు, గుంతలు, ట్రాఫిక్ గొడవ తక్కువ, ఎక్కడైనా ఆగి దిగొచ్చు. ఇరవై నిమిషాలకోసారి అర నిమిషం పెడల్స్ మీద లేచి నిలబడి నడుం వెనక్కి విరవండి. చేతుల చోటు మారుస్తూ ఉండండి.

నొప్పికి కొలమానం ఇది. పదికి మూడు వరకు వచ్చి, మర్నాడు పొద్దునకి మామూలైపోతే పర్వాలేదు, అదే దూరం కొనసాగించండి. మర్నాడు కూడా ఉంటే దూరం తగ్గించండి, మానేయొద్దు. రెండు వారాలు వరసగా శాంతంగా ఉంటే ఐదు పది కిలోమీటర్లు కలపండి. దూరం, ఎత్తు, వేగం, ఈ మూడింట్లో ఒక వారంలో ఒక్కటే పెంచండి. తిరగబెట్టిన కేసులు చాలావరకు మూడూ కలిసిన ఒక ఆదివారం దగ్గరే మొదలవుతాయి: వారమంతా తీరిక లేదు, ఆదివారం గుంపుతో కలిసి 110 కిలోమీటర్లు, మధ్యలో అనంతగిరి, చివర పోటీ.

మధ్యలో ఒకసారి నొప్పి మళ్లీ వస్తుంది, అది ఖాయంగా అనుకోండి. అప్పుడు మంచం ఎక్కకుండా రెండు మూడు రోజులు నడవండి, వ్యాయామాలు తేలికవి చేయండి, తిరిగి పాతికకు రండి.

రైడ్ ముందు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ బిళ్ల వేసుకుని బయల్దేరే అలవాటు కొందరికి ఉంది. ఎండలో గంటల తరబడి చెమటోడుస్తూ, నీళ్లు తక్కువ తాగుతూ ఆ బిళ్లలు వేస్తే కిడ్నీల మీద పడుతుంది. పైగా ఆగాల్సిన చోట ఆగరు. నడుం బెల్టు ప్రయాణాల్లో ఒకటి రెండు రోజులు పెట్టుకోవచ్చు, సైకిల్ మీద వద్దు. టకటకమని విరిచి "డిస్క్ లోపలికి పంపించాం" అనే రీల్స్ చూసి వెళ్లకండి, డిస్క్ అలా లోపలికీ బయటికీ తిరిగే వస్తువు కాదు. కాలిలోకి తిమ్మిరి దిగుతున్నవాళ్లు అస్సలు వెళ్లొద్దు.

జనవరి 300 సంగతి

మీకు నచ్చదని తెలుసు, కానీ ఈసారి వదిలేయండి. 300కి గడువు 20 గంటలు. ఇప్పుడు యాభైకే పట్టేస్తున్న నడుంని రాత్రంతా దాని మీద కూర్చోబెడితే ఈ వారాల్లో చేసినదంతా పోతుంది. 12 వారాల వ్యాయామం నిజంగా చేసి, నొప్పి మూడు దాటకుండా 120 తొక్కగలిగితే 200కి వెళ్లండి. దానికి పదమూడున్నర గంటలు ఇస్తారు, మధ్యలో ఆగే సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. ప్రతి కంట్రోల్ పాయింట్‌లో సైకిల్ దిగి ఐదు నిమిషాలు నడవడానికి తీరిక ఉంటుంది. 200, 300, 400, 600 నాలుగూ ఒకే సీజన్‌లో చేసి సూపర్ రాండనర్ అవ్వాలని ఉంటే వచ్చే సీజన్‌కి లెక్క వేసుకోండి.

ఈలోగా మూడు విషయాలు ఇక్కడే రాయండి: క్రాంక్ మీద నంబర్, కాలి కొలత, సీటు ఇప్పుడున్న ఎత్తు. స్టెరాయిడ్ల ప్రశ్నకు జవాబు కూడా. పక్క నుంచి, పెడల్ పూర్తిగా పైన ఉన్నప్పుడు తీసిన ఫొటో ఒకటి పెడితే, ముందు హ్యాండిల్ ముట్టుకోవాలా సీటా అన్నది చెప్పగలను.